బీసెంటు రోడ్డు... రోజూ హౌస్‌ఫుల్!

టిక్కెట్టు లేదు. గేటు లేదు. గేటుకీపరు అసలే లేడు. అయినా సాయంత్రం ఆరు దాటితే చాలు, హౌస్‌ఫుల్! ముందుకు పోదామంటే ముందువాడు కదలడు, ఆగుదామంటే వెనకవాడు వూరుకోడు. మనం నడవాలని అనుకోకపోయినా కాళ్ళు వాటంతటవే జనంతోపాటు సాగిపోతుంటాయి. ఈ ‘హాలు’ పేరు బీసెంటు రోడ్డు. వూరు విజయవాడ.

ఒక చివర ఏలూరు రోడ్డు, రెండో చివర బందరు రోడ్డు, నడుమ ఇది. పొడవెంతని అడిగితే బెజవాడవాళ్ళు గజాల లెక్క చెప్పరు. “ఒంటరిగా అయితే పది నిమిషాలు, అక్కచెల్లెళ్ళతో అయితే మూడు గంటలు” అంటారు. అనుభవం మీద చెప్పేమాట కాబట్టి నమ్మవచ్చు.

రెండు పక్కలా దుకాణాలు. బట్టలు, చెప్పులు, వాచీలు, కళ్ళజోళ్ళు. అది ఒక వరస. ఆ దుకాణాల ముందు తోపుడు బండ్లు, మడత బల్లలు, నేలమీద పరిచిన దుప్పట్లు. ఇది ఇంకో వరస. మజా అంతా ఈ రెండో వరసలోనే వుంది. గాజులు, జడ క్లిప్పులు, చెవి రింగులు, చేతిరుమాళ్ళు, నైటీలు, చంటిపిల్లల జుబ్బాలు, సెల్‌ఫోను కవర్లు, పర్సులు, బెల్టులు, నల్ల కళ్ళద్దాలు... హీరోగారు సినిమాలో తొడిగిన చొక్కా రిలీజైన పదిరోజుల్లో ఇక్కడి హ్యాంగరు మీద వేలాడకపోతే, ఆ సినిమా ఆడుతుందా అని కాస్త అనుమానపడాల్సిందే!

ఇక్కడ ధర అనేది మన సినిమాల్లో హీరోయిను తండ్రిలాంటిది. మొదట కస్సుమంటుంది. రెండు రీళ్ళు తిరిగాక మెత్తబడుతుంది. చివరికి చేతిలో చెయ్యివేసి పంపిస్తుంది.

“ఎంత బాబూ, ఈ చెప్పులు?”

“నాలుగొందలమ్మా. మీకు కాబట్టి మూడొందల యాభై.”

“నూటయాభైకి ఇస్తావా?”

“ఇంకా బోణీ కూడా కాలేదమ్మా. అట్లా అంటే ఎట్లా?”

రాత్రి ఎనిమిదింటికి బోణీ కాకపోవడమేమిటని అడక్కండి. అది డైలాగు. వెనక్కి చూడకుండా నాలుగడుగులు వెయ్యడం మీ యాక్షను. “రండమ్మా, రండి, రెండొందలు ఇచ్చి తీసుకెళ్ళండి” అని వెనకనించి వినపడటం క్లైమాక్సు. ఆ కేక వినపడకపోతే? మీరు మరీ తక్కువకి అడిగారన్నమాట. సిగ్గుపడకుండా పక్కబండి దగ్గరకెళ్ళి కథ మళ్ళీ మొదలుపెట్టడమే!

ఎవరీ బీసెంటు?

రోజుకి పదిసార్లు ఈ పేరు పలికేవాళ్ళు కూడా ఆవిడెవరని ఆలోచించరు. అనీ బిసెంట్. 1847లో లండనులో పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం పనిమీద ఇండియా వచ్చి, 1916లో హోంరూల్ లీగు పెట్టి, 1917లో కాంగ్రెసు అధ్యక్షురాలై, 1933లో మద్రాసు అడయారులో కన్నుమూశారు. ఇంతవరకు స్కూలు పుస్తకంలో వుండేదే. అందులో వుండనిది ఒకటుంది. 1888లో లండనులో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల దుస్థితి గురించి ఆవిడ పత్రికలో వ్యాసం రాశారు. కొద్దిరోజులు తిరక్కుండానే ఆ పిల్లలు, దాదాపు పధ్నాలుగు వందలమంది, పని ఆపేసి వీధిలోకి వచ్చారు. యాజమాన్యం దిగి రావలసి వచ్చింది.

చిల్లర కూలికి రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళ పక్షాన కలం పట్టిన మనిషి పేరు, చిల్లర లాభానికి రోజంతా నిలబడి క్లిప్పులమ్మే ఆడవాళ్ళున్న రోడ్డుకి వుంది. పేరు పెట్టినవాళ్ళు ఇంత దూరం ఆలోచించి వుండరు గానీ, భలే అతికింది!

సినిమా హాళ్ళ చుట్టూ బజారు

సినిమా పత్రికలో ఈ గాజులూ చెప్పుల గొడవ ఏమిటంటారా? బెజవాడలో బజారూ సినిమా కవలపిల్లలండీ. ఒకళ్ళకి జ్వరం వస్తే ఇంకొకళ్ళకి ఒళ్ళు కాలుతుంది.

ఆంధ్రదేశంలో మొదటి సినిమాహాలుగా చెప్పుకునే మారుతీ ఈ వూళ్ళోనే 1921లో వచ్చింది. కట్టించినవారు పోతిన శ్రీనివాసరావుగారు. ఆ తర్వాత మద్రాసులో తయారైన తెలుగు సినిమా కోస్తా జిల్లాలకు చేరాలంటే గాంధీనగరం గుమ్మం తొక్కవలసిందే. నవయుగ, పూర్ణా పిక్చర్స్, లక్ష్మీ ఫిల్మ్స్... పంపిణీ సంస్థల పేర్లన్నీ ఇక్కడివే. రీళ్ళ డబ్బాలు రిక్షా ఎక్కి, రైలెక్కి, గుడివాడకీ తెనాలికీ బందరుకీ బయల్దేరేవి. డిజిటల్ ప్రొజెక్షను వచ్చి ఆ డబ్బాల్ని మాయం చేసింది. పెద్ద ఆఫీసులు చాలావరకు హైదరాబాదు చేరాయి. అయినా ఇవాళ్టికీ “కృష్ణా ఏరియా ఎంతకి పోయింది?” అని అడక్కుండా తెలుగు సినిమా బిజినెస్సు మాట్లాడేవాళ్ళు లేరు.

లీలామహల్, అలంకార్, అప్సర, దుర్గా కళామందిరం, ఊర్వశి, మేనక, రాజ్, యువరాజ్... గవర్నరుపేటకీ గాంధీనగరానికీ మధ్య ఈ పేర్లు చదువుకుంటూ పోతే అదే ఒక నవలలా వుంటుంది. వాటిలో ఇంగ్లీషు సినిమాలకి లీలామహల్‌ది ప్రత్యేకమైన పేరు. డైలాగులు అర్థంకాకపోయినా ఫైటింగుల కోసం వెళ్ళి, బయటికొచ్చాక కథ తామే కల్పించి చెప్పిన కాలేజీ కుర్రాళ్ళు ఇప్పుడు తాతలయ్యారు. ఊర్వశి కాంప్లెక్సు తర్వాత మల్టీప్లెక్సు రూపం ఎత్తింది.

ఈ హాళ్ళలో ఏది వదిలినా జనం నడిచి బీసెంటు రోడ్డుకి వచ్చేంత దగ్గర. డెల్టా పల్లెల్లో ‘బెజవాడ ప్రయాణం’ అంటే స్క్రీన్‌ప్లే ముందే రాసిపెట్టి వుండేది. పొద్దున కనకదుర్గమ్మ దర్శనం, తర్వాత మ్యాట్నీ, సాయంత్రం బీసెంటు రోడ్డు, హోటల్లో టిఫిను, ఆఖరి బస్సు. దివిసీమనించి వచ్చినా, నూజివీడునించి వచ్చినా ఇదే కథ. పాత్రధారులే మారేవాళ్ళు. ధాన్యం డబ్బు చేతికొచ్చే రోజులూ, సంక్రాంతి సినిమాలొచ్చే రోజులూ ఒకటే కావడం బజారు అదృష్టం. పరికిణీ గుడ్డ, పెద్ద హీరో సినిమా, కొత్త అల్లుడికి వాచీ... ఒకే ప్రయాణంలో!

కానీ తెర మీద మాత్రం బెజవాడ అంటే మనవాళ్ళకి కత్తులే కనిపిస్తాయి. 1983లో ‘బెజవాడ బెబ్బులి’, 2011లో ‘బెజవాడ’, 2016లో ‘వంగవీటి’. 1989లో ‘శివ’ తీసి సైకిలు చెయినుకి స్టార్ హోదా ఇచ్చిన రాంగోపాల్ వర్మగారు ఇంజనీరింగు చదివింది కూడా ఈ వూళ్ళోనే, సిద్ధార్థ కాలేజీలో. ఈ వూరు ఆయనకి చెయిను చూపించింది సరే, పునుగులు చూపించలేదా అని నా ఫిర్యాదు! ఆ విషయంలో జంధ్యాలగారే నయం. బ్రహ్మానందంగారిని హీరోగా పెట్టి 1992లో ‘బాబాయ్ హోటల్’ తీశారు. గాంధీనగరంలో వెన్న వేసిన ఇడ్లీకి పేరుపడ్డ హోటలు పేరూ అదే.

ఇంటర్వెల్!

పునుగుల మాట వచ్చింది కాబట్టి కాసేపు ఆగుదాం. అసలు బెజవాడ పునుగు పుట్టిందే పొదుపులోంచి. పొద్దున మిగిలిన అట్లపిండి సాయంత్రానికి పులుస్తుంది. పారెయ్యడానికి మనసొప్పదు. అందులో కాస్త మైదా కలిపి, జీలకర్ర, పచ్చిమిర్చి ముక్కలు, ఉల్లిపాయ వేసి, గట్టిగా గిలక్కొట్టి, వేళ్ళతో చిన్న చిన్న ముద్దలుగా నూనెలో వదిలితే చాలు. పైన కరకర, లోపల దూది. ఆ పులుపే దాని ప్రాణం. పులవని పిండితో వేసిన పునుగు డబ్బింగు సినిమాలాంటిది. పెదాలు కదులుతాయి గానీ మాట అతకదు.

మీరు బండి దగ్గర నిలబడి చూడాల్సింది తినడం కాదు, వెయ్యడం. ఎడంచేతిలో పిండిగిన్నె, కుడిచేతి వేళ్ళు మిషన్‌లా ఆడుతుంటాయి. మూకుడు అంచునించి మధ్యకి వరసగా పడిపోతాయి. ఒకదానికొకటి అంటుకోవు. జల్లిగరిటెతో ఒక్క విసురు తిప్పి తీసి, కాగితంలో పోసి, పైన పల్లీ చట్నీ ఒక పక్క, అల్లం పచ్చడి ఒక పక్క. ఈ రెండూ కలిపి తినాలా, విడివిడిగానా అన్నది అభిమాన సంఘాల గొడవలాంటిది. అందులో నేను దూరను.

దాని పక్కనే మిరపకాయ బజ్జీ. నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇస్తే కళ్ళనీళ్ళు వస్తాయి. హాల్లో సెంటిమెంటు సీనుకి ఏడవని వీరులు ఇక్కడ ఏడుస్తారు. ఇంకొంచెం నడిస్తే మరమరాలు, టమాటా, ఉల్లి, కారం కలిపి చేసే ముంత మసాలా. దాని పాత చుట్టం పిడతకింద పప్పు. అటుకులు మరమరాల రాశిమీద నిప్పులున్న చిన్న మట్టి పిడత పెట్టి, ఆ వేడి కిందికి దిగేలా చూస్తారు. హాలు బయట ఇంటర్వెల్లో దీన్ని పొట్లం కట్టించుకుని, లైట్లు ఆరాక చీకట్లో తడుముకుంటూ తినని తరం బెజవాడలో వుందంటే నేను నమ్మను.

వేసవిలో లెక్క మారుతుంది. బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా? మధ్యాహ్నం రోడ్డు మీద కాకి కూడా వుండదు. ఏసీ హాలు వెతుక్కున్నవాడికి మ్యాట్నీ, లేనివాడికి చెట్టునీడ. పొద్దు వాలాక సుగంధిపాల షర్బతు, గోళీసోడా, చెరకురసం. పక్కనే వున్న నున్న మార్కెట్టుకి మామిడి దిగే రోజుల్లో ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు. అవి చూస్తూ నోరూరకుండా దాటిపోయినవాళ్ళకి నా నమస్కారం.

చైనాలో అక్క, మద్రాసులో చెల్లెలు

ఇలాంటి వీధులు మనకొక్కళ్ళకే వున్నాయనుకోకండి. బట్టలు చూడటం, బేరమాడటం, నిలబడి తినడం, ఇవన్నీ కలిసిన వీధిని చైనావాళ్ళు పెద్ద ఎత్తున తయారుచేశారు. షాంఘైలో నాన్‌జింగ్ రోడ్డు వుంది. 1999లో దాన్ని దాదాపు ఒక కిలోమీటరు మేర నడిచేవాళ్ళకే వదిలేశారు. కార్లు బంద్! 2020లో ఆ నడక దారిని నది ఒడ్డున వున్న బండ్ దాకా పొడిగించారు. షియాన్ నగరంలో ముస్లిముల వీధి అయితే పూర్తిగా తిండి వీధి. పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం, బెల్టంత వెడల్పున్న నూడుల్సు. మన ‘బాహుబలి’ రెండో భాగం 2018లో ఆ దేశంలో కూడా ఆడింది. ఆట వదిలాక అక్కడి కుర్రకారు పుల్లలు నమిలారన్నమాట, మనం బజ్జీలు నమిలినట్టే!

బీజింగులో వాంగ్‌ఫూజింగ్ అని ఇంకో పేరున్న వీధి వుంది. రాజకుమారుల భవంతుల దగ్గరి బావి పేరు మీద ఆ పేరు వచ్చింది. దాని పక్కనే దోంగ్‌హ్వామెన్ అని రాత్రి తిండి బజారు వుండేది. తేళ్ళు కూడా పుల్లకి గుచ్చి వేయించి అమ్మేవాళ్ళు. విదేశీయులు ఫొటోలు తీసుకునే చోటు. దాన్ని 2016లో మూసేశారు. గోల, చెత్త, శుభ్రత లేదన్న ఫిర్యాదులు కారణం. దీపాలు ఆరిపోయాయి, బండ్లు వెళ్ళిపోయాయి. పెద్ద వీధి మాత్రం అద్దాల దుకాణాలతో అలాగే వుంది. నాలుగేళ్ళు తిరిగాయి. 2020లో కరోనా దెబ్బకి ఉద్యోగాలు పోతున్న రోజుల్లో అదే దేశపు ప్రధాని లీ కచియాంగ్, ఒక పడమటి నగరంలో 36 వేల తోపుడు బండ్లకి చోటిస్తే రాత్రికి రాత్రి లక్షమందికి పని దొరికిందని పత్రికలవాళ్ళ ఎదుట మెచ్చుకున్నారు. వద్దని తరిమినవాళ్ళే రమ్మని పిలవడం సినిమాల్లోనే కాదు, ప్రభుత్వాల్లోనూ వుంటుంది.

అంత దూరం ఎందుకు, మన సినిమావాళ్ళ పాతిల్లు మద్రాసు చూడండి. త్యాగరాయనగరంలో పాండీ బజారు. వేషాల కోసం రైలెక్కి వెళ్ళిన మన తెలుగు కుర్రాళ్ళు సాయంత్రాలు కాళ్ళరిగేలా తిరిగింది ఆ పక్కలే. అక్కడి చిరువ్యాపారుల్ని 2013లో రోడ్డు మీదనించి తీసి, కట్టిన భవనంలోకి పంపారు. 2019 నవంబరులో అదే రోడ్డుని వెడల్పాటి నడక దారులతో ‘ప్లాజా’గా తెరిచారు. చూడటానికి ముచ్చటగా వుంది, కాదనను. ముసలివాళ్ళు కూడా భయం లేకుండా నడవవచ్చు. కానీ నేలమీద దుప్పటి పరిచి అమ్మేవాడు మేడమెట్లు ఎక్కితే, వాడి వెనక బేరం ఎక్కుతుందా? జడ క్లిప్పు కొనాలని ఎవరూ ఇంట్లోంచి బయల్దేరరు. దారిలో కనపడితే కొంటారు. ఆ వ్యాపారానికి దారే పెట్టుబడి.

అసలు గొడవ

ఇప్పుడు మన రోడ్డుకి వద్దాం. ఈ కథలో విలను లేడు, అదే చిక్కు.

దుకాణంవాళ్ళ మాట వినండి. “అద్దె కడతాం, పన్ను కడతాం, కరెంటు బిల్లు కడతాం. మా గుమ్మం ముందే బండి పెడితే మా దుకాణం ఎవరికి కనపడుతుంది?” న్యాయమే. బండివాళ్ళ మాట వినండి. “రోడ్డుకి జనాన్ని తెచ్చిందెవరు సార్? మమ్మల్ని చూసి వచ్చినవాళ్ళేగా మీ షాపులో దూరేది!” ఇదీ న్యాయమే. నడిచేవాళ్ళని అడగండి. పండగ రోజుల్లో ఊపిరాడదు. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి, కర్ర పట్టుకున్న తాత ఈ జనంలో ఇరుక్కుంటే దేవుడే దిక్కు. ఖర్మకాలి నిప్పంటుకుంటే ఫైరింజను ఎటునించి రావాలి?

చట్టం ఏం చెబుతోందంటే: వీధి వ్యాపారుల రక్షణకి 2014లో కేంద్రం చట్టం చేసింది. దాని ప్రకారం పట్టణానికొక కమిటీ వుండాలి. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే వుండాలి. ముందు సర్వే చేసి ఎవరెవరు ఎక్కడ అమ్ముతున్నారో రాసుకోవాలి. అది పూర్తయ్యేవరకు ఎవర్నీ లేపకూడదు. తర్వాత లేపాల్సివచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. కాగితం మీద కథ చక్కగా వుంది. కాగితం మీద బాగున్న కథ తెరకెక్కేసరికి ఏమవుతుందో మన పాఠకులకి చెప్పాలా?

2020లో కేంద్రం స్వనిధి పథకం కింద మొదటి విడతగా పదివేల అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పదివేలు మనకి రెండు జతల బూట్లు. బండివాడికి దీపావళి సరుకు. అదే సరుకు 2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో గుర్తుందా? బుడమేరు పొంగి సింగ్‌నగర్ పక్క పేటలన్నీ రోజుల తరబడి నీళ్ళలో వుండిపోయాయి. బండి తోసుకు బతికే కుటుంబాలు ఎక్కువగా వుండే పేటలవి. గవర్నరుపేటలో దీపాలు వెలుగుతూనే వున్నాయి. దీపాల కింద అమ్మేవాళ్ళ ఇళ్ళలో మంచాలదాకా బురద.

ఇంకో దెబ్బ కూడా పడుతోంది. చప్పుడు చెయ్యని దెబ్బ. పాత హాల్లో ఆట వదిలితే తలుపులు వీధిలోకి తెరుచుకునేవి. వెయ్యిమంది ఒక్కసారి రోడ్డు మీద! ఆ వెయ్యిమందిలో పదోవంతు ఆగినా బజ్జీల బండి గట్టెక్కేది. మల్టీప్లెక్సులో ఆట వదిలితే లిఫ్టు పార్కింగులో దించుతుంది. కారు తలుపు తెరిస్తే ఏసీ. వీధి మొహం చూడకుండానే ఇల్లు చేరతారు. లోపలికి బయటి తిండి తేనివ్వరు. అక్కడి పాప్‌కార్ను ధరకి ఇక్కడ కుటుంబం మొత్తం పునుగులు తినవచ్చు, ఇంకా షర్బతుకి మిగులుతుంది. సింగిల్ హాలు మూతపడితే మనం తెర గురించి బాధపడతాం. ఆ హాలు గేటు ముందు ఇరవయ్యేళ్ళు పొట్లాలు కట్టిన మనిషి గురించి ఎవరూ రాయరు.

నన్నడిగితే ముందు ఆపాల్సింది బండ్లని కాదు, స్కూటర్లని! ఇంత జనంలో హారను కొట్టుకుంటూ దూరే మోటారు సైకిలు హీరోల్ని సాయంత్రం పూట రెండు చివర్లా ఆపేస్తే సగం ఇరుకు తగ్గుతుంది. ఢిల్లీలో చాందినీ చౌక్ అంత పాత బజారులోనే 2021నించి పొద్దున తొమ్మిదినించి రాత్రి తొమ్మిదిదాకా మోటారు బండ్లు వద్దన్నారు. అక్కడ కుదిరిన నియమం మనకి ఎందుకు కుదరదు? బండ్లకి గీతలు గీసి నంబర్లు ఇవ్వండి. ఫైరింజనుకి దారి వదలండి. మధ్యలో రెండు మంచినీళ్ళ కుళాయిలు, ఆడవాళ్ళకి శుభ్రమైన మరుగుదొడ్డి పెట్టండి. పొద్దున పదినించి రాత్రి పదిదాకా నిలబడి అమ్మే ఆడమనిషికి అన్నిటికంటే పెద్ద సమస్య ఈ చివరిదే. దీని గురించి మాట్లాడటానికి మన పెద్దమనుషులు సిగ్గుపడతారు, అందుకే అది తీరదు.

సరే, మీరు ఈ వారం వెళ్ళదలుచుకుంటే రెండు ముక్కలు. ఆదివారం సాయంత్రం ఫ్యామిలీలకి వదిలెయ్యండి, మంగళ బుధవారాలు వెళ్ళండి. బేరం తాపీగా సాగుతుంది. స్కూటరు దూరంగా ఎక్కడైనా పెట్టి నడిచి రండి. జేబులో చిల్లర వుంచుకోండి. ఇప్పుడు ప్రతి బండికీ ఫోనుతో డబ్బు కట్టే అట్టముక్క వేలాడుతోంది గానీ, రద్దీలో సిగ్నలు అందదు. మీ వెనక పదిమంది చేతులు చాచి వుంటారు, మూకుట్లో వాయి మాడిపోతుంటుంది. ఫస్ట్ షో వదిలాక వచ్చే వాయి అన్నిటికంటే రుచి. అప్పటికి నూనె బాగా కాగి వుంటుంది, పిండి బాగా పులిసి వుంటుంది. పదిన్నరకి దుప్పట్లు మడతపెట్టడం మొదలవుతుంది. గాజుల బుట్టలు ఆటోలెక్కుతాయి. సెకండ్ షో వాళ్ళ కోసం ఒకటో రెండో బండ్లు మంట తగ్గించి ఆగుతాయి. అడుగున మిగిలిన పునుగులు మీకిచ్చేటప్పుడు ఆ మనిషి లెక్కపెట్టడు.